మస్టర్ పడితే పని వచ్చినట్టేనా?

2020 జూన్ 2న సింగరేణి రామగుండం-3 ఏరియా ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్‌కు మందు నింపుతుండగా పేలుడు జరిగి నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్‌లోని ఎస్ఆర్‌పీ-3 గనిలో పైకప్పు కూలి మరో నలుగురు పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బండ కూలి ముగ్గుర్ని పొట్టన పెట్టుకుంది. ఆ ముగ్గురిలో ఒకరు కాంట్రాక్టు కార్మికుడు, ఒకరు గని అధికారి, ఇంకొకరు ఆ ఏరియా రక్షణ అధికారి. రెండేళ్లు నిండకముందే మూడు పెద్ద ప్రమాదాలు. ఒకటి ఓపెన్‌కాస్టులో, ఒకటి పాత తరహా భూగర్భ గనిలో, ఒకటి కంపెనీ గొప్పగా చెప్పుకునే అత్యాధునిక గనిలో. చనిపోయినవారిలో కాంట్రాక్టు కార్మికుడి నుంచి, ఇతరుల ప్రాణాలకు పూచీ వహించాల్సిన అధికారి దాకా ఉన్నారు. కాబట్టి ‘కార్మికుడి అజాగ్రత్త’ అని ఒక్క మాటలో తేల్చేసే వీలు ఎవరికీ లేదు.

ప్రమాదం తర్వాత జరిగే తంతు బొగ్గు బాయి ఎరిగిన ప్రతి ఇంటికీ తెలుసు. సైరన్, రెస్క్యూ వ్యాన్, ఏరియా ఆస్పత్రి దగ్గర జనం, గేటు మీటింగు, గనుల భద్రతా డైరెక్టరేట్ నుంచి తనిఖీ, ఎక్స్‌గ్రేషియా, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, కొందరు అధికారుల మీద చర్య. ఇవన్నీ అవసరమైనవే. అయితే మరుసటి వారం మొదటి షిఫ్టుకు దిగే మనిషికి, ఆ రోజు అక్కడ ఏం జరిగింది, ఏ సంకేతాన్ని ఎవరు గమనించలేదు, అదే పరిస్థితి తన జాగాలో వస్తే తానేం చేయాలి అన్నది తన భాషలో కూర్చోబెట్టి చెప్పే ఏర్పాటు ఉండాలి కదా? విచారణ నివేదిక ఫైల్లోకి పోతుంది. దాని సారం సర్క్యులర్ రూపంలో నోటీసు బోర్డుకెక్కుతుంది. మస్టర్ (హాజరు) వేయించుకుని, క్యాప్ ల్యాంపు తీసుకుని, మ్యాన్‌వే పట్టే తొందరలో ఉన్నవాడు నోటీసు బోర్డు చదువుతాడని అనుకునేవారు ఎప్పుడూ ఆ క్యూలో నిలబడి ఉండరు.

సింగరేణిలో పని మారింది, పని చేసే మనిషి మారాడు, యజమాని కూడా సగానికి సగం మారాడు. నేర్పే పద్ధతి మాత్రం 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల చుట్టూనే తిరుగుతోంది. ఈ వెనకబాటు కూడా ఒక ప్రమాదమే; ఈ సంపాదకీయం దాని గురించి. అది నేడు ప్రాణాల మీదికి తెస్తోంది, రేపు మొత్తం గోదావరిఖని పొట్ట మీదికి తెస్తుంది.

ఆ నిబంధనలు చెడ్డవని అనలేం. వాటి కాలానికి అవి చాలా ముందుచూపున్నవి. శిక్షణ పొందనివాడిని గనిలో పనికి పెట్టరాదన్నాయి. భూగర్భానికి వేరు, ఉపరితలానికి వేరు పాఠాలు పెట్టాయి. ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం సరిపోదని గుర్తించి ఐదేళ్లకోసారి రిఫ్రెషర్ ఉండాలన్నాయి. దేశంలో ‘జీవితాంతం చదువు’ అన్న మాట ఇంకా ఎవరి నోటా నలగని రోజుల్లోనే, బొగ్గు తవ్వేవాడు మళ్లీ మళ్లీ బడికి రావాలని చట్టం చెప్పింది. ఆ బడే ఎంవీటీసీ, వృత్తి శిక్షణ కేంద్రం. కొత్తగా చేరినవాడు మొదట వెళ్లేది అక్కడికే. క్యాప్ ల్యాంపు, సెల్ఫ్ రెస్క్యూయర్ వాడకం, ప్రథమ చికిత్స, గ్యాసు, పైకప్పు, హాలేజీ తాడు దగ్గర ఎక్కడ నిలబడకూడదు... ఇవన్నీ అక్కడే మొదలవుతాయి. తర్వాత కొన్నాళ్లు అనుభవజ్ఞుడి వెంట గనిలో తిరగాలి.

చట్టంలో ఉన్న ఆ ముందుచూపును మొక్కుబడి చేసింది మనమే. ఐదేళ్లకోసారి ఛాతీ ఎక్స్‌రే తీసి ఫిట్ అని రాసినట్టే, ఐదేళ్లకోసారి క్లాసులో కూర్చోబెట్టి రిఫ్రెష్ అయ్యాడని రాయడం అలవాటైపోయింది. హాజరు ఉంటే చాలు. నేర్చుకున్నాడా లేదా అన్నది రిజిస్టర్లో పట్టే విషయం కాదు. ఐదేళ్లంటే ఓపెన్‌కాస్టు పరిభాషలో ఎంత కాలమో చూడండి: ఆ వ్యవధిలో ఒక ఇంక్లైన్ (భూగర్భ గని) మూతపడి దాని మీదే ఓపెన్‌కాస్టు తెరుచుకుంటుంది. గోదావరిఖనిలో జీడీకే-5 ఇంక్లైన్ ఉన్న చోట నేడు ఓసీపీ-5 ఉంది. అదే భూమి, అదే బొగ్గు పొర. ప్రమాదం మాత్రం పూర్తిగా వేరు. నిన్న పైకప్పు వైపు చూసినవాడు నేడు డంపర్ వెనక చక్రం వైపు చూడాలి.

ఇక్కడ గతం గురించి కొంచెం చెప్పుకోక తప్పదు. ఎందుకంటే సింగరేణికి అసలు బడి ఎంవీటీసీ కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఆనవాలు పట్టినప్పటి నుంచి, 1960ల తొలినాళ్లలో గోదావరి ఒడ్డున గనులు తెరిచేదాకా, ఆ తర్వాత ఇరవై ముప్పయ్యేళ్లు కూడా, బాయి పని నేర్పింది జట్టు. తట్ట, చెమ్మస్ (పార) పట్టి టబ్బు నింపే ఫిల్లర్లు జట్టుగా పని చేసేవారు. కొత్తవాడిని జట్టులో వేసుకునేవారు. కర్రతో పైకప్పును తట్టి చూస్తే గట్టి రాయి ఒక రకంగా మోగుతుంది, విడిపోయిన పొర డొల్లగా మోగుతుంది. ఆ తేడా పుస్తకంలో రాయగలరు గానీ చెవికి అలవాటు చేసేది పక్కనున్న పెద్ద మనిషి. కప్పు బరువు మీద పడుతుంటే కర్ర దిమ్మె చిటపటమంటుంది, ముందే చెబుతుంది. కప్పుకు కర్రలు కట్టే టింబర్‌మన్‌కు ఆ చప్పుడు ప్రాణం. మూసేసిన గ్యాలరీ లోపల బొగ్గు తనంతట తాను వేడెక్కుతుంటే ముందు గోడ చెమర్చుతుంది, తర్వాత నూనె కాగిన వాసన లాంటిది వస్తుంది. పాత సర్దార్లు దాన్ని ముక్కుతో పట్టేవారు.

ఆ జ్ఞానాన్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. జట్టు నేర్పినదాంట్లో తప్పుడు అలవాట్లూ ఉన్నాయి. టబ్బుల లెక్క కోసం కట్టు వేయని కప్పు కిందికి దూరడం కూడా జట్టే నేర్పింది. అనుభవం ఒక్కటే రక్షిస్తుందనుకుంటే 2003 జూన్ 16న జీడీకే-7ఎల్ఈపీలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది చనిపోయి ఉండకూడదు. అదే ఏడాది అక్టోబరు 16న జీడీకే-8ఏలో కప్పు కూలి పది మంది పోయి ఉండకూడదు. అయితే ఆ పద్ధతిలో ఒకటి ఉంది: నేర్చుకోవడం పనిలో భాగం. దానికి వేరే తేదీ లేదు, వేరే రిజిస్టర్ లేదు. ఫిల్లరుగా దిగినవాడు రాత్రిళ్లు చదువుకుని గ్యాస్ టెస్టింగ్ పరీక్ష రాసేవాడు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తెచ్చుకునేవాడు, సర్దార్ అయ్యేవాడు, కొందరు ఓవర్‌మన్ దాకా వెళ్లేవారు. కార్మిక వాడల్లో ఆ ఇళ్లను ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తారు.

జట్టు పోయింది. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చి తట్ట, చెమ్మస్ మూలకు చేరాయి. ఫ్రెంచి పరిజ్ఞానంతో జీడీకే-10లో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి వచ్చింది, 2014లో అడ్రియాలలో భారీ లాంగ్‌వాల్ వచ్చింది. 1990-91 నాటికి లక్షా పదహారు వేల దాకా ఉన్న శాశ్వత కార్మికులు నేడు నలభై వేల దరిదాపులకు దిగారు. ఉత్పత్తి మాత్రం 2023-24లో 70 మిలియన్ టన్నులు తాకింది. అందులో భూగర్భ గనుల వాటా పదో వంతు కూడా లేదు. తరుగుతున్న ఒక్కో తలతో పాటు ఎంతో కొంత తెలిసిన పని కూడా పదవీ విరమణ చేసింది. దాన్ని రాసిపెట్టినవారు లేరు, వీడియో తీసినవారు లేరు. కప్పు తట్టి వినే చెవిని కంపెనీ ఏ రోజూ ఆస్తిగా లెక్కించలేదు. గ్రాట్యుటీ లెక్క కట్టి, శాలువా కప్పి పంపించింది.

వారి స్థానంలో వచ్చింది ఎవరు? 2018 నుంచి కారుణ్య నియామకాలు మొదలయ్యాక తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకో అల్లుడో బదిలీ వర్కరుగా చేరుతున్నాడు. అనేక ఏళ్లు వారసత్వ ఉద్యోగాలు నిలిచిపోయి, 2017లో కోర్టు మెట్ల దగ్గర ఆగి, ఎట్టకేలకు వచ్చిన అవకాశం అది. దాని విలువను ఎవరూ తక్కువ చేయలేరు. చేరినవారిలో ఇంజనీరింగ్ పట్టభద్రులున్నారు, ఎంబీఏలున్నారు, డిగ్రీ మధ్యలో ఆపినవారున్నారు. తండ్రుల కంటే చాలా ఎక్కువ చదివారు, తండ్రులకు తెలిసిన పనిలో చాలా తక్కువ తెలుసు. వారికి కంపెనీ పెట్టిన మొదటి పరీక్ష ఏమిటి? భూగర్భంలోనైతే ఏడాదికి 190 మస్టర్లు, ఉపరితలంలోనైతే 240. అవి నిండితే జనరల్ మజ్దూర్. ఆ ఏడాదిలో ఏం నేర్చుకున్నాడన్నది ఎవరూ అడగరు. కాబట్టి కుర్రవాడి దృష్టి రెండింటి మీదే ఉంటుంది: మస్టర్ల లెక్క, సర్ఫేస్‌కు తీసుకుపోయే ఇంటర్నల్ నోటిఫికేషన్. కంప్యూటర్ తెలిసినవాడి చేత పార పట్టించి, వాడు పార మీద శ్రద్ధ పెట్టడం లేదని విసుక్కోవడం పెద్దమనిషి తరహా కాదు.

నిజానికి ఈ తరం చేరిక సింగరేణికి దక్కిన వరం. లాంగ్‌వాల్ షీల్డుల మీద పడే ఒత్తిడిని అంకెల్లో చూసి అర్థం చేసుకోగలవారు, సెన్సర్ ఏం చెబుతోందో చదవగలవారు మొదటిసారి జనరల్ మజ్దూర్ హోదాలో గనిలోకి దిగారు. మహిళలు భూగర్భంలో పని చేయడానికి 2019లో కేంద్రం దారి తెరిచింది, వారూ వస్తున్నారు. వీరిని పాత చేతులతో జతపరచి రెండేళ్లు పక్కపక్కనే నిలబెట్టి ఉంటే, ఒకరికి కప్పు చప్పుడు, ఇంకొకరికి కంప్యూటర్ తెర, రెండూ అబ్బేవి. పాత చేతులు వేగంగా ఖాళీ అవుతున్నాయి. ఆ జత కట్టడానికి మిగిలిన సమయం తక్కువ.

ఇంకో సగం కథ కంచె అవతల ఉంది. ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టి తీసే పని దాదాపుగా ప్రైవేటు సంస్థలది. మందు నింపడం, రవాణా, కన్వేయర్ నిర్వహణ, సివిల్ పనులు, క్వార్టర్ల పారిశుద్ధ్యం... కాంట్రాక్టు కార్మికుల సంఖ్య 30 వేలకు చేరింది. అంటే శాశ్వత కార్మికులు నలుగురుంటే పక్కన ముగ్గురు కాంట్రాక్టువారు. చట్టం దృష్టిలో ఇద్దరికీ ఒకే శిక్షణ. గని మేనేజరే బాధ్యుడు. ఆచరణలో ఏమవుతుంది? కాంట్రాక్టు మారుతుంది, మనిషి మారతాడు, కార్డు మారుతుంది. మట్టి కంపెనీల భారీ వాహనాలు నడిపేవారిలో చాలామంది బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి వస్తారు. తెలుగులో చెప్పిన పాఠానికి తల ఊపి సంతకం పెడతారు. వంద టన్నుల డంపరు పక్కన తిరిగే చిన్న టిప్పర్ డ్రైవరుకు పెద్ద బండి ఆపరేటర్ కంటికి తాను ఎక్కడ కనిపించడో తెలియాలి. ఇది హిందీలో, ఒడియాలో, గోండిలో చెప్పాల్సిన పాఠం. చెప్పకపోతే శిక్షణ జరిగిందని రాసుకున్న కాగితం ప్రమాదం తర్వాత కంపెనీని కోర్టులో కాపాడుతుందేమో, గనిలో ఎవరినీ కాపాడదు.

2025లో ప్రకటించిన లాభాల వాటా చూడండి. శాశ్వత కార్మికుడికి సగటున లక్షా తొంభై అయిదు వేలు, కాంట్రాక్టు కార్మికుడికి 5,500 రూపాయలు. అసలేమీ ఇవ్వని రోజులతో పోలిస్తే ఇది మెరుగే. కానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే శిక్షణలోనూ ఉంది. తేడా ఏమిటంటే బోనస్ తేడా పత్రికల్లో వస్తుంది, శిక్షణ తేడా మరణాల జాబితాలో వస్తుంది.

ఇంతవరకు ప్రాణాల మాట. ఇక ఊరి మాట.

ముందే నేర్పి ఉంచకపోతే ఊరు ఏమవుతుందన్నది రామగుండానికి కొత్త పాఠం కాదు. బొగ్గుతో యూరియా తయారు చేసే భారత ఎరువుల సంస్థ (ఎఫ్‌సీఐ) కర్మాగారం ఇక్కడ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది, 1999 మార్చి 31న ఆగిపోయింది. వేల కుటుంబాలు కాలనీ ఖాళీ చేశాయి. రెండు దశాబ్దాలు పొదలు మొలిచిన ఆ స్థలంలోనే 2021లో రామగుండం ఫెర్టిలైజర్స్ పేరుతో కొత్త కర్మాగారం యూరియా తీసింది. ఈసారి బొగ్గుతో కాదు, గ్యాసుతో. పాత కర్మాగారంలో చేతులు కాల్చుకుని నేర్చుకున్న తరం అప్పటికే వృద్ధాప్యంలోకి జారింది. వారి పిల్లలకు కొత్త యంత్రాలు నేర్పే ఏర్పాటు లేదు. ఎరువుల కర్మాగారం గేటు ముందు ఊరివారికి దక్కిందల్లా ఎక్కువభాగం బస్తాలు ఎత్తే, దించే కాంట్రాక్టు పని. ఆ పనికి కూడా దళారులు లక్షలు దండుకున్నారన్న ఆరోపణలు 2022లో ఊరిని కుదిపేశాయి. కర్మాగారం తిరిగొచ్చింది గానీ ఉద్యోగం తిరిగి రాలేదు. ఎవరినో నిందించడానికి ఈ సంగతి ఎత్తడం లేదు. ఇరవై ఏళ్ల ఖాళీలో ఒక్క ట్రేడు కూడా ముందుగా నేర్పి ఉంచకపోతే ఏమవుతుందో చూడటానికి పరాయి దేశాలకు పోనక్కర్లేదు, ఎఫ్‌సీఐ క్రాస్ రోడ్డు దాకా పోతే చాలు.

ఇక్కడే 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం 2024లో శాశ్వతంగా ఆగింది. బెల్లంపల్లి కథ అందరికీ తెలుసు: పవర్ హౌస్, వర్క్‌షాప్, ఏరియా ఆస్పత్రితో ఒకనాడు బొగ్గు బెల్టుకు రాజధానిలా వెలిగిన ఊరు, గనులు ఒక్కటొక్కటే మూతపడ్డాక పెరగడం మానేసింది. రామగుండం కూడా అదే దారిలో ఉందన్న సూచన 2011 జనాభా లెక్కల్లోనే ఉంది. 2.29 లక్షలు. పదేళ్ల ముందు ఉన్నదాని కంటే తక్కువ. తెలంగాణలో చాలా పట్టణాలు ఉబ్బుతున్న దశాబ్దంలో, దేశానికి కరెంటు ఇచ్చే ఊరు కుంచించుకుపోయింది.

బొగ్గు రేపే అయిపోతుందని ఎవరూ అనడం లేదు. ఎన్టీపీసీ పాత కేంద్రం 2,600 మెగావాట్లకు తోడు, తెలంగాణ సూపర్ థర్మల్ రెండు యూనిట్లు 2023, 2024లలో వచ్చి చేరాయి. వాటికి బొగ్గు కావాలి, ఇంకా కొన్ని దశాబ్దాలు కావాలి. అయితే బొగ్గు ఉండటం వేరు, అది గోదావరిఖనివాడి చేతికి పని ఇవ్వడం వేరు. కొత్త బ్లాకులు వేలంలో దక్కించుకోవాలి. 2025 ఏప్రిల్‌లో సింగరేణి మొదటిసారి రాష్ట్రం దాటి ఒడిశాలోని నైనీలో బొగ్గు తీయడం మొదలుపెట్టింది. అదే ఏడాది కర్ణాటకలోని దేవదుర్గలో బంగారం, రాగి అన్వేషణకు లైసెన్సు గెలుచుకుంది. సౌర విద్యుత్తు వందల మెగావాట్లకు పెరుగుతోంది. తవ్వేసిన మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో నీళ్లతో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం కడతామంటున్నారు. ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022 నుంచే 100 మెగావాట్ల తేలియాడే సౌర పలకలున్నాయి. కంపెనీ భవిష్యత్తుకు ప్రణాళిక ఉంది, అభినందించాలి. ఆ ప్రణాళికలో మెగావాట్లు వినిపించినంత గట్టిగా మనుషులు వినిపించడం లేదు. హాలేజీ ఆపరేటరు పంప్డ్ స్టోరేజీలో ఏమవుతాడు? మందు పేల్చే షాట్‌ఫైరర్ సోలార్ ప్లాంటులో ఏమవుతాడు? ఏమీ కాడు అన్నది జవాబైతే, అది కూడా ఇప్పుడే, నిజాయితీగా చెప్పాలి. దానికి తగ్గట్టు అతను తన దారి చూసుకుంటాడు.

జర్మనీ తన చివరి నల్లబొగ్గు గనిని, బోట్రోప్ పట్టణంలోని ప్రాస్పర్-హానియల్‌ను, 2018 డిసెంబరు 21న మూసింది. ఆ నిర్ణయం తీసుకున్నది 2007లో. పదకొండేళ్లు చేతిలో ఉంచుకుని, వయసు పైబడినవారికి ముందస్తు పింఛను, మిగతావారికి వేరే గనులకు, వేరే వృత్తులకు బదిలీ, దానికి కావలసిన చదువు ఏర్పాటు చేశారు. అంత డబ్బు మన దగ్గర లేదన్న వాదనలో నిజం ఉంది. ప్రభుత్వ సబ్సిడీ లేకుండా అక్కడా అది జరిగేది కాదు. అయితే డబ్బు కంటే ముందు వారు చేసింది తేదీ చెప్పడం. బ్రిటన్ అలా చేయలేదు. 1984-85 సమ్మె ఓడిపోయాక గనులు వరసగా మూతపడుతూ పోయాయి. చివరి లోతైన గని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడే నాటికి యార్క్‌షైర్, వేల్స్ గని ఊళ్లలో ఒక తరం మొత్తం పని లేకుండా పెరిగి పెద్దదైంది. అక్కడా మూతపడ్డాక శిక్షణ పథకాలు పెట్టారు. నేర్పిన పనికి ఆ ఊళ్లలో ఉద్యోగం లేదు.

ఈ చివరి మాట మన నాయకులకు ప్రత్యేకంగా చెప్పాలి. శిక్షణ అనగానే కుట్టు మిషన్లు, కంప్యూటర్ బేసిక్స్, ఓపెనింగ్ రోజు ఫోటో గుర్తొస్తాయి మనకు. ఏ ఉద్యోగానికి అన్నది తేలకుండా ఇచ్చే శిక్షణ మోసమే. ఏటా సింగరేణి ఐటీఐ అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. ఏడాది పని నేర్చుకుని సర్టిఫికెట్ పట్టుకుని బయటికి వస్తారు. తర్వాత? కొందరు గల్ఫ్ ఏజెంటు దగ్గరికి, కొందరు హైదరాబాద్ డెలివరీ బండి మీదికి, కొందరు మట్టి కంపెనీలోకి. పదేళ్లు పెద్ద డంపరు నడిపిన కాంట్రాక్టు ఆపరేటరుకు ఆ పని వచ్చని చెప్పే కాగితం మేనేజరు ఇచ్చే అనుమతి పత్రం ఒక్కటే. గని గేటు దాటితే దానికి విలువ లేదు. అదే మనిషి నైనీకి పోయినా, ఆస్ట్రేలియా గనికి పోదామనుకున్నా మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. గనుల రంగానికి జాతీయ స్థాయి నైపుణ్య మండలి ఉంది, ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి గుర్తింపునిచ్చే పద్ధతి ఉంది. సింగరేణి తన శిక్షణ కేంద్రాల్లో ఆ పరీక్ష పెట్టించి, శాశ్వతమా కాంట్రాక్టా అని చూడకుండా ప్రతి ఆపరేటరుకూ, వెల్డరుకూ, ఎలక్ట్రీషియనుకూ దేశమంతటా చెల్లే పత్రం ఇప్పించగలదు. ఖర్చు తక్కువ. ఇష్టం లేకపోవడానికి కారణం ఒకటే అయి ఉండాలి: పత్రం చేతికొస్తే మనిషి బేరం ఆడతాడు.

డబ్బు లేదన్న మాట కుదరదు. గని మూసివేత కోసం ఎస్క్రో ఖాతాలో సొమ్ము వేయాలని 2009 నుంచి కేంద్రం నిబంధన ఉంది. తవ్విన భూమిని చక్కదిద్దడానికి ముందే డబ్బు దాచిపెడతాం. 2025 మార్గదర్శకాల్లో స్థానిక ప్రజల జీవనోపాధి ప్రస్తావన కూడా చేరింది. పెద్దపల్లి జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆ నిధిని ఖర్చు చేయాల్సిన ముఖ్య రంగాల్లో నైపుణ్య శిక్షణ ఒకటని నిబంధనలే చెబుతున్నాయి. ఆ నిధితో సీసీ రోడ్లు వేయడం సులువు. రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది, వెల్డింగ్ నేర్చుకున్న కుర్రవాడికి ఉండదు.

కార్మిక సంఘాలూ తప్పించుకోలేవు. 2023 డిసెంబరు 27న జరిగిన గుర్తింపు ఎన్నికల్లో ఇచ్చిన హామీలు గుర్తు తెచ్చుకోండి. సొంతింటి పథకం, అలవెన్సుల మీద ఆదాయపు పన్ను కంపెనీయే కట్టడం, లాభాల్లో వాటా పెంపు, మారుపేర్లతో చేరినవారి సమస్య. అన్నీ న్యాయమైనవే. శిక్షణ గురించి గేటు మీటింగులో ఏ నాయకుడైనా ఐదు నిమిషాలు మాట్లాడితే అది వార్తే. ప్రమాదం జరిగిన రోజు యాజమాన్యం మీద విరుచుకుపడే గొంతులు, మామూలు రోజున రిఫ్రెషర్ క్లాసును ‘రెస్టు’గా చూసే అలవాటును ఎందుకు తప్పు పట్టవు? ఎందుకంటే సభ్యుడికి అది ఇష్టం. సభ్యుడికి ఇష్టం లేని మాట చెప్పి ఎన్నిక గెలిచినవారు ఏ సంఘంలోనూ అరుదు.

యాజమాన్యం ఈ ఏడాదే చేయగల పని ఒకటుంది, పెద్ద పని కాదు. 2020 నుంచి జరిగిన ప్రతి ప్రాణాంతక ప్రమాదానికీ, విచారణలో తేలిన సంగతులతో, అక్కడ పని చేసినవారి మాటల్లో, పది నిమిషాల తెలుగు, హిందీ, ఒడియా పాఠం తయారు చేసి షిఫ్టు మొదట్లో వినిపించాలి. దానికి చట్టం మారనక్కర్లేదు. పదవీ విరమణకు రెండేళ్లున్న ప్రతి టింబర్‌మన్‌నూ, సర్దార్‌నూ, షావెల్ ఆపరేటరునూ ఉత్పత్తి లెక్క నుంచి తప్పించి, బదిలీ వర్కర్లకు జతగా వేయాలి. పని నేర్పడమే వారి పనిగా చూపించి జీతం ఇవ్వాలి. బదిలీ వర్కరు జనరల్ మజ్దూర్ కావడానికి మస్టర్ల లెక్కతో పాటు ఆ పెద్దమనిషి ఇచ్చే మాట కూడా కావాలని పెట్టాలి. ఉత్పత్తి కొద్దిగా తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకొకటి. కొత్తగూడెంలో గనుల కళాశాల స్థానంలో ఇప్పుడు భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమే వచ్చింది. సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. రాష్ట్రంలో 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మారుస్తున్నారు. ఈ మూడింటిలో ఏదీ షిఫ్టు మారే కార్మికుడిని దృష్టిలో పెట్టుకుని పెట్టింది కాదు. రాత్రి షిఫ్టు దిగినవాడు పగలు రెండు గంటలు, మొదటి షిఫ్టు దిగినవాడు సాయంత్రం రెండు గంటలు వచ్చి చదువుకునే తరగతి గోదావరిఖనిలో ఒక్కటి ఉంటే, ఈ ఊరు ఎలా నిండుతుందో చూడొచ్చు.

ఇక టెండర్లు. మట్టి తీసే పనుల టెండరు నోటీసుల్లో క్యూబిక్ మీటరుకు ధర ఉంటుంది, డీజిల్ లెక్క ఉంటుంది, యంత్రాల వయసు ఉంటుంది. కార్మికుడి శిక్షణ గంటలు, అవి ఎవరు, ఏ భాషలో ఇస్తారు, ఆ గంటలకు కూలీ ఎవరు కడతారు అన్నవి కూడా ఒక పేరాగా చేరాలి, దానికి విడిగా బిల్లు ఉండాలి. ఆ పేరా లేని టెండరులో తక్కువ ధర వేసినవాడు శిక్షణ ఖర్చు మిగుల్చుకున్నవాడే అవుతాడు. రామగుండం ఏరియాల్లో తర్వాత పిలవబోయే టెండరును తెరిచి, ఆ పేరా ఉందో లేదో మొదట చూడాల్సింది గుర్తింపు సంఘం.